పద్దెనిమిది క్రెడిట్లు

నా మేజర్ అకౌంటింగ్.
క్రెడిట్ అంటే నాకు పేజీలో కుడివైపు గడి, అంతే.
పర్యావరణ నాయకత్వం మైనర్‌గా తీసుకోవడానికి
పెద్ద కారణమేమీ లేదు.
గురువారం మధ్యాహ్నాలు ఖాళీ,
ఫారం మీద ఒక గీత ఖాళీ.

మొదటి క్లాసుకి డోయిరన్ మేడమ్ సిలబస్ తేలేదు.
మోకాలిదాకా వచ్చే రబ్బరు బూట్లు తెచ్చింది, పదకొండు జతలు.
మేం పన్నెండుమందిమి.
"ఎవరు ఆగుతారో మీరే తేల్చుకోండి" అని
బయటికెళ్ళి వ్యాను స్టార్ట్ చేసింది.
పాఠం అప్పుడే అయిపోయిందని
నాకు చాలా రోజులు తెలియలేదు.

అక్టోబరంతా భోజనశాల వెనక
పళ్ళేల్లో మిగిలింది తూచాం.
ఒక్క మంగళవారం, ఎనభై ఏడు కిలోలు.
సగం కొరికిన బ్రెడ్డు, ముట్టని బఠాణీలు,
గుట్టగా బంగాళాదుంప ముద్ద.
నేను పట్టిక గీసి రంగులు దిద్దాను.
డీన్ గారు చాలా బాగుందన్నారు.
బుధవారం తూస్తే తొంభై ఒకటి.

మంచు కరిగాక ఫండీ అఖాతానికి.
అక్కడ సముద్రం రోజుకి రెండుసార్లు
మూడంతస్తుల మేడంత లేచి
ఏదో మర్చిపోయినట్టు వెనక్కి పోతుంది.
ఆటుకీ పోటుకీ మధ్య ఎర్రటి బురద,
బురద అంచున తరాలనాటి మట్టికట్ట,
కట్ట వెనక ఎల్డన్ బుల్మర్ గడ్డిపొలం.
సముద్రం ఏటా కాస్త పొడుగవుతోంది,
కట్టని పొడుగు చెయ్యడానికి డబ్బుల్లేవు.
కట్టకి గండి కొట్టి నేలని నీళ్ళకి వదిలేస్తే
ఉప్పుగడ్డి మొలుస్తుంది, అల జోరుని అదే తగ్గిస్తుంది.
ఇదీ మా ప్లాను.
ఊరి హాల్లో మీటింగు. నడిపేది నేను.
ముప్ఫై నాలుగు స్లయిడ్లు.

ఆరో స్లయిడు దగ్గర ఆయన చెయ్యెత్తాడు.
"అమ్మాయ్, ఈ చదువుకి నీకు ఎన్ని క్రెడిట్లు?"
"మొత్తం పద్దెనిమిదండీ."
"గండి పడితే నాకు పోయేది పద్దెనిమిది ఎకరాలు.
సరిపోయింది. లెక్క కుదిరింది."
హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

మేడమ్ వెనక వరసలో
చేతులు కట్టుకుని కిటికీలోంచి చూస్తోంది.
ప్రొజెక్టరు ఫ్యాను ఒక్కటే మాట్లాడుతోంది.
నేను లాప్‌టాప్ మూసేశాను.
"నాకు తెలీదండీ" అన్నాను. "కట్ట చూపిస్తారా?"

తెల్లారి ఆయన ముందు, నేను వెనక.
మట్టి అడుగున ఒకవైపే తెరుచుకునే చెక్కతలుపు,
వాననీళ్ళని బయటికి పోనిస్తుంది,
పోటు వస్తే తనంత తనే మూసుకుంటుంది.
బురద చేత్తో తుడిచి చూపించాడు.
"కట్టింది మావాళ్ళు కాదు.
కట్టినవాళ్ళని ఓడలెక్కించి తరిమేశారు, మాకు దక్కింది.
వాళ్ళకి ముందు మిగ్మా జనం
ఏ కట్టా లేకుండానే బతికారు.
నాది అనబోతే నోరు కొంచెం తడబడుతుంది.
అయినా అంటాను."

నా ఇంటిపేరు కార్మియే.
ఓడలెక్కినవాళ్ళ పేరు.
మొదటి స్లయిడు మీదే ఉంది, ఆయన చదివే ఉంటాడు.
ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.
బురదలో ఇరుక్కున్న నా బూటు
ఆయనే పీకి ఇచ్చాడు.

మేలో ఉత్తరం వచ్చింది, పెన్సిలుతో.
"ఏడెకరాలు ఇస్తాను.
మిగతా పదకొండు నేను పోయాక అడగండి."
నా మార్కుల పత్రంలో మైనర్ అట్టడుగున,
భూతద్దం పెట్టాల్సినంత అక్షరాల్లో.
సముద్రానికి ఇచ్చిన ఏడెకరాలు
ఏ వైపు గడిలో రాయాలో
అకౌంటింగ్ పరీక్షలో ఎవరూ అడగలేదు.

మరుసటి ఏడు ఆగస్టులో గండి కొట్టారు.
వ్యానులో మళ్ళీ పదకొండు జతలే.
ఈసారి నేను ఆగాను,
వట్టి చెప్పులతో, గట్టుమీద ఆయన పక్కన.
నీళ్ళు ఉరుకుతాయనుకున్నాను.
ఉరకలేదు. గడ్డి మొదళ్ళు ఒక్కొక్కటే తడుముకుంటూ వచ్చాయి.
ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని,
నా కాళ్ళవైపు చూసి అన్నాడు,
"అమ్మాయ్, ఒక అడుగు వెనక్కి వెయ్యి."